యాభైల నాటి సైన్స్ ఫిక్షన్ ‘బి’ సినిమాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చూడాలి

రబ్బరు తొడుగుల రాక్షసులు, తీగకు వేలాడే ఎగిరే పళ్ళేలు, అట్టతో చేసిన రాకెట్లు. వీటిని అంత ఇష్టంగా ఎలా చూస్తారని చాలామంది అడుగుతుంటారు. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: “చూద్దామని కూర్చున్నాం, ఇరవై నిమిషాలకే ఆపేశాం. తప్పు మాదా, సినిమాదా?” ఎక్కువసార్లు తప్పు ఎంపికలోనే ఉంటుంది. లోకంలోకెల్లా చెత్త సినిమా అని పేరుపడ్డదాన్ని వెతికి మరీ మొదట చూస్తారు. కాసేపు నవ్వుకుంటారు, ఆ తర్వాత విసుగొస్తుంది, అంతటితో ఆ దశాబ్దం మొత్తాన్నీ పక్కన పెట్టేస్తారు.

ఈ సినిమాల్లో రాక్షసుడి కంటే ముందు నిర్మాత జేబును చూడాలి. డబ్బు ఎక్కడ పెట్టారు, ఎక్కడ ఆదా చేశారు, చాలని డబ్బుకు బదులు ఏ ఉపాయం వేశారు? ఈ మూడూ గమనించడం అలవాటైతే నాసిరకం సినిమాలో కూడా చూడదగ్గది కనిపిస్తుంది. కింద రాసినదంతా ఆ అలవాటు కోసమే.

సిద్ధాంతం కొంచెమే. ‘బి’ అన్నది నాణ్యతకు వేసిన మార్కు కాదు. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా థియేటర్లు ఒకే టికెట్టుపై రెండు సినిమాలు చూపించేవి. పెద్ద సినిమాకు వసూళ్లలో వాటా దక్కేది, చిన్న సినిమాకు స్థిరమైన అద్దె మాత్రమే వచ్చేది. ఎంత బాగా ఆడినా రాబడి పెరగదు కాబట్టి ఖర్చు తగ్గించుకోవడమే లాభం. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఇచ్చిన తీర్పుతో పెద్ద స్టూడియోలు తమ థియేటర్లను వదులుకోవలసి వచ్చింది. పాత ఏర్పాటు సడలి, చిన్న సంస్థలకు చోటు దొరికింది. కారులో కూర్చునే చూసే డ్రైవ్-ఇన్ థియేటర్లు ఆ దశాబ్దం చివరికి నాలుగు వేలు దాటాయి. వాటికి కుర్రకారును రప్పించే సినిమాలు కావాలి, అవి చవకగా, త్వరగా తయారవ్వాలి.

కావలసినవి

– గంటన్నర సమయం. ఈ సినిమాల్లో చాలావాటి నిడివి 60 నుంచి 95 నిమిషాల మధ్యే ఉంటుంది.
– చీకటి గది. నలుపు-తెలుపు చిత్రాల్లో సగం భయం నీడల్లోనే ఉంటుంది, ట్యూబ్‌లైటు వెలుగుతుంటే అది కనిపించదు.
– హెడ్‌ఫోన్లు గానీ మంచి స్పీకర్లు గానీ. వీలైతే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు, ఎందుకంటే సైంటిస్టులు గబగబా మాట్లాడతారు.
– ఒక కాగితం, పెన్ను. సమయాలు రాసుకోవడానికి.
– తోడుగా ఒకరు. మొదటిసారి పదిమందిని పిలవకండి. ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను.

1. మొదటి సినిమాను సరిగ్గా ఎంచుకోండి

నా సలహా ‘దెమ్!’ (1954). నిక్కచ్చిగా చూస్తే ఇది అడుగున పడే ‘బి’ చిత్రం కాదు, వార్నర్ బ్రదర్స్ వంటి పెద్ద సంస్థ తీసినది. అయినా ఆ తర్వాత వచ్చిన భారీ పురుగుల సినిమాలు చాలావరకు దీని దారిలోనే నడిచాయి కాబట్టి ఇక్కడ మొదలుపెడితే మిగతావి సులువుగా అర్థమవుతాయి. న్యూ మెక్సికో ఎడారిలో ఒంటరిగా నడుస్తూ ఒక చిన్నపిల్ల దొరుకుతుంది, నోరు మెదపదు. ఒక దుకాణం ధ్వంసమై ఉంటుంది, డబ్బు మాత్రం పోలేదు. ముసలి శాస్త్రవేత్త ఆ పిల్ల ముక్కు దగ్గర ఫార్మిక్ ఆమ్లం వాసన చూపించగానే ఆమె కేక పెడుతుంది. పేరుకు రాక్షస చీమల కథే గానీ, తొలి భాగమంతా పోలీసు పరిశోధనలా సాగుతుంది.

మీ అభిరుచిని బట్టి వేరేదీ ఎంచుకోవచ్చు. మెల్లగా ఎక్కే భయం కావాలంటే ‘ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్’ (1956). నీటి అడుగున అందంగా తీసిన దృశ్యాల కోసం ‘క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’ (1954). ఆలోచింపజేసేది కావాలంటే ‘ది ఇంక్రెడిబుల్ ష్రింకింగ్ మ్యాన్’ (1957). మంచు, గాలి, మూసిన తలుపుల నడుమ జరిగే కథ నచ్చుతుందంటే ‘ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’ (1951).

హెచ్చరిక: పోస్టరు చూసి ఎంచుకోకండి. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ సంస్థలో పేరు, పోస్టరు ముందు తయారై, కథ ఆ తర్వాత పుట్టడం మామూలు. ఇంకో సంస్థ తీసిన ‘అటాక్ ఆఫ్ ది 50 ఫుట్ ఉమన్’ (1958)కు రెనాల్డ్ బ్రౌన్ వేసిన పోస్టరులో కథానాయిక హైవే మీద కాళ్లు చాచి నిలబడి కార్లు పట్టుకుంటుంది. ఆ దృశ్యం సినిమాలో లేదు. పోస్టరును విడిగా గోడకు తగిలించుకుని ఆనందించండి, తప్పులేదు.

2. ప్రింటును సరిచూసుకోండి

సగం నిరాశలకు కారణం ఇదే. అమెరికాలో 1964కు ముందు విడుదలైన సినిమాల కాపీరైటును ఇరవై ఎనిమిదో ఏట పునరుద్ధరించుకోవాల్సి ఉండేది. చాలా చిన్న సంస్థలు ఆ పని చేయలేదు. అందువల్ల ఎన్నో ‘బి’ సినిమాలు ఎవరైనా ఉచితంగా చూపించుకునే స్థితిలో ఉన్నాయి. దొరకడం తేలికైంది గానీ, తిరిగేది మాత్రం అరిగిపోయిన నకళ్లకు నకళ్లు. కూర్చునే ముందు ఇవి చూసుకోండి.

నిడివి: పుస్తకాల్లో ఉన్న నిడివితో పోల్చండి. ‘గాడ్జిల్లా’ విషయంలో ఇది మరీ ముఖ్యం. 1954 నాటి జపాన్ అసలు చిత్రం 96 నిమిషాలు. 1956లో అమెరికాలో విడుదలైన రూపాన్ని కుదించి, రేమండ్ బర్ నటించిన విలేకరి పాత్రను కొత్తగా చేర్చారు. తెర మీద ఆయన కనిపిస్తే మీరు చూస్తున్నది అసలుది కాదు. రెండూ చూడదగ్గవే, కానీ అసలుది ముందు చూడండి.

చట్రం ఆకారం: 1953 నుంచి హాలీవుడ్ వెడల్పు తెరకు మారింది. ఆ తర్వాతి సినిమాలను చాలావరకు నిండు చట్రంలో తీసి, థియేటరులో పైనా కిందా కొంత కప్పి చూపించేవారు. టీవీ ప్రింట్లలో ఆ కప్పిన భాగం కూడా బయటపడుతుంది. తలల పైన ఖాళీ ఎక్కువగా ఉన్నా, పై నుంచి మైకు తొంగిచూసినా కంగారుపడి దర్శకుడిని తిట్టకండి, అది థియేటరు ప్రేక్షకుడికి కనిపించవలసిన భాగం కాదు. ప్లేయరులో కొంచెం జూమ్ చేస్తే సరిపోతుంది. 1951 నాటి ‘ది థింగ్’ వంటివాటికి మాత్రం జూమ్ వద్దు, వాటి అసలు ఆకారమే చదరానికి దగ్గరగా ఉంటుంది. ఏ సినిమాకైనా ‘స్ట్రెచ్’ నొక్కకండి, ముఖాలు సాగిపోతాయి.

టీవీ సెట్టింగులు: కదలికను నునుపుగా చూపించే సదుపాయాన్ని ఆపేయండి, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. రాక్షసుల బొమ్మలకు ప్రాణం పోసిన నిపుణుడు రే హ్యారీహౌసెన్ వాటిని ఒక్కో ఫ్రేముకు ఒక్కో వెంట్రుకవాసి కదిలిస్తూ చిత్రించాడు. సెకనుకు 24 ఫ్రేములు. మధ్యలో టీవీ తన సొంత ఫ్రేములు దూర్చితే ఆయన శ్రమంతా జిగురులా సాగుతుంది. వెలుగు కూడా పెంచకండి. రాత్రి దృశ్యాలను పగలే ఫిల్టర్లు పెట్టి తీసేవారు. వెలుగు పెంచితే ‘అర్ధరాత్రి’ నేల మీద ఎండ నీడలు తేలతాయి.

రంగులద్దిన ప్రింటు దొరికితే వదిలేయండి. ఇందులో బేరం లేదు.

3. సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి, దానికి బానిస కావద్దు

నాలుగు తేదీలు చాలు. 1947లో కెనెత్ ఆర్నాల్డ్ అనే విమాన చోదకుడు ఆకాశంలో వింత వస్తువులు చూశానన్న తర్వాత ‘ఎగిరే పళ్ళెం’ అన్న మాట పత్రికలకెక్కింది. 1949లో సోవియట్ యూనియన్ అణుబాంబు పరీక్షించింది. 1954 మార్చిలో అమెరికా చేసిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. ఆ ఏడాదే గాడ్జిల్లా సముద్రంలోంచి లేచాడు. 1957 అక్టోబరులో సోవియట్ల తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది.

ఇక్కడ జరిగే పొరపాటు ప్రతి రాక్షసుడినీ కమ్యూనిజానికి గుర్తుగా చదవడం. ‘బాడీ స్నాచర్స్’లో ఊరివాళ్లు ఒక్కొక్కరే భావాలు లేని ప్రతిరూపాలుగా మారిపోతారు. అది కమ్యూనిజం భయమని కొందరు, కాదు కమ్యూనిస్టుల వేట పేరిట అందరినీ ఒకే మూసలో పోసిన సెనేటర్ మెకార్తీ కాలం మీద విసురని కొందరు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. సినిమా ఇద్దరికీ ఆధారాలిస్తుంది. తీర్పు చెప్పే పని మీ మీద పెట్టుకోకుండా, పక్కింటి మనిషి పక్కింటి మనిషిలా లేడనే బెదురును ముందు అనుభవించండి.

4. మొదటి ఇరవై నిమిషాలు ఫోను ముట్టుకోకండి

ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. మాటలు, మాటలు, మళ్లీ మాటలు. గదిలో నలుగురు నిలబడి చర్చించుకుంటారు, కెమెరా కదలదు. మాటకు ఖర్చు లేదు, రాక్షసుడికి ఉంది. ఈ లెక్క తెలిస్తే ఓపిక వస్తుంది. ఆ మాటల్లో ఏది సమాచారం, ఏది కాలక్షేపం అని గమనించండి. ‘దెమ్!’లో శాస్త్రవేత్త అధికారులకు చీమల గురించిన ఫిలిం వేసి చూపించే ఘట్టం ఉంది. అది పాఠం, దానితోపాటు బెదిరింపు. మంచి సినిమాకూ నాసి సినిమాకూ తేడా ఇలాంటిచోటే తెలుస్తుంది.

ఒక ఆట కూడా ఆడుకోవచ్చు. అతుకులు పట్టుకోండి. సైన్యం, విమానాలు, పేలుళ్లు వచ్చినప్పుడు బొమ్మ హఠాత్తుగా గరుకుగా మారితే అవి ఎక్కడినుంచో తెచ్చి అతికించిన పాత దృశ్యాలు. బండరాళ్లు, గుహ కనిపిస్తే బహుశా లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ పార్కులోని బ్రాన్సన్ కాన్యన్. స్టూడియోలకు దగ్గర కాబట్టి అది ఎన్నో పరాయి గ్రహాలుగా నటించింది.

5. రాక్షసుడు ఎన్నో నిమిషంలో కనిపించాడో రాసుకోండి

ఈ ఒక్క అంకె చాలా చెబుతుంది. ఆలస్యంగా చూపించారంటే, అంతవరకు దేనితో నెట్టుకొచ్చారన్నది అసలు ప్రశ్న.

‘ది థింగ్’లో మంచు కింద ఏదో కూరుకుపోయి ఉంటుంది. దాని ఆకారం తెలుసుకోవడానికి మనుషులు అంచు వెంట చేతులు చాచి నిలబడతారు. తలలు తిప్పి చూసుకుంటే వలయం ఏర్పడి ఉంటుంది. పళ్ళెం! ఒక్క యంత్రం కట్టకుండా, మనుషులూ మంచూ మాత్రమే పెట్టి తీసిన ఆ దృశ్యాన్ని నేటి కోట్ల గ్రాఫిక్కులతో మార్చుకోమంటే నేను మార్చుకోను.

‘ష్రింకింగ్ మ్యాన్’లో మనిషి కుంచించుకుపోయేకొద్దీ పడుతున్న నీటి బొట్లు బానలంత కావాలి. అంత పెద్ద బొట్టు ఆకారం నిలవదు. దర్శకుడు జాక్ ఆర్నాల్డ్ తర్వాత చెప్పిన ప్రకారం, కండోముల్లో నీళ్లు నింపి పైనుంచి వదిలారు. చూస్తున్నప్పుడు ఆ సంగతి గుర్తుకు రాదు, భయమే వేస్తుంది.

‘ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ది సీ’ (1955)లో శాన్‌ఫ్రాన్సిస్కో వంతెనను పట్టుకున్న ఆక్టోపస్ చేతులు లెక్కపెట్టండి. ఆరే ఉంటాయి. ఒక్కో చేతిని కదిలించడానికి సమయం, డబ్బు పడతాయి కనుక హ్యారీహౌసెన్ రెండు తగ్గించాడు. చేతులన్నీ ఒకేసారి లెక్కకు అందకుండా నీళ్లలో దాచడం ఆయన పనితనం.

మనకిది కొత్త విద్య కాదు. ‘ష్రింకింగ్ మ్యాన్’ వచ్చిన 1957లోనే మార్కస్ బార్ట్‌లే కెమెరా ‘మాయాబజార్’లో లడ్డూలను ఘటోత్కచుడి నోట్లోకి నడిపించింది. విఠలాచార్య సినిమాల్లో తీగ కనిపించినా మన పెద్దలు కథ వదల్లేదు. ఆ చూపే ఇక్కడా పనికొస్తుంది. దక్షిణాదికి నేరుగా ముడి ఉన్న చిత్రమే కావాలంటే ‘ది జంగిల్’ (1952) వెతకండి. సేలం మోడరన్ థియేటర్స్ అమెరికన్లతో కలిసి తీసింది. ఏనుగులకు బొచ్చు తొడిగి ఆదిమకాలపు మామత్‌లుగా నడిపించారు. సినిమా గొప్పదేమీ కాదు, ఆ ఏనుగుల కోసం మాత్రం చూడవచ్చు.

6. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి

తెర మీద చూపలేనిదాన్ని చెవికి వినిపించడం ఈ సినిమాల పెద్ద ఉపాయం. ‘దెమ్!’లో చీమల కంటే ముందు వాటి కీచు వస్తుంది. దాన్ని విన్న తర్వాత ఖాళీ ఎడారి కూడా ఖాళీగా అనిపించదు. ‘ఇట్ కేమ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ (1953)లో ఊళ వేసినట్టు వినిపించేది థెరెమిన్, చేత్తో ముట్టుకోకుండానే వాయించే విద్యుత్ వాద్యం. ‘రోబోట్ మాన్‌స్టర్’ (1953)లో గొరిల్లా తొడుగుకు డైవింగ్ హెల్మెట్ లాంటిది తగిలించి చంద్రుడి నుంచి వచ్చిన వాడన్నారు. కళ్లు మూసుకుంటే సంగీతం మాత్రం నిలబడుతుంది. అది కట్టినది ఎల్మర్ బెర్న్‌స్టైన్, మూడేళ్లకు ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’కు సంగీతం ఇచ్చినవాడు.

7. ఇప్పుడు చెత్తకు రండి

కనీసం మూడు నాలుగు మంచివి చూశాకే ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ పెట్టండి. డ్రాక్యులాగా పేరుపొందిన బేలా లుగోసి 1956 ఆగస్టులో చనిపోయాడు. అంతకుముందు తీసిన కాసిని దృశ్యాలు దర్శకుడు ఎడ్ వుడ్ దగ్గర ఉన్నాయి. వాటి చుట్టూ కథ అల్లి, మిగతా చోట్ల తన భార్యకు వైద్యం చేసే కైరోప్రాక్టర్‌ను (చేతులతో వెన్నెముకను సవరించే వైద్యుడిని) దించాడు. ఆ మనిషికి లుగోసి పోలికలు లేవు, పైగా పొడుగు, అందుకే సినిమా పొడవునా అంగీతో ముఖం కప్పుకునే తిరుగుతాడు. డబ్బు ఒక బాప్టిస్టు చర్చి వాళ్లది. అందుకోసం వుడ్, కొందరు నటులు బాప్తిస్మం కూడా తీసుకున్నారు. 1980లో ఒక పుస్తకం దీనికి ‘అతి చెత్త సినిమా’ బిరుదిచ్చాక లోకమంతా ఎగబడింది.

గుంపుగా చూస్తే ఏమవుతుందంటే, ప్రతివాడూ జోకు వేయాలని పోటీ పడతాడు, సినిమా వినిపించదు. మొదటిసారి ఒక్కరో ఇద్దరో చూడండి. నవ్వు వస్తే నవ్వండి. దానితోపాటు ఒకటి గమనించండి: ఎడ్ వుడ్ ఎక్కడా వెటకారం చేయడు, ప్రతి వాక్యాన్నీ నమ్మి తీశాడు. కావాలని చెత్తగా తీసే ఇప్పటి సినిమాల్లో లేనిది అదే. రెండోసారి గుంపును పిలవండి, పకోడీలు కూడా వేయించండి.

8. జోడీగా చూడండి

‘ది బ్లాబ్’ (1958), ‘ఐ మ్యారీడ్ ఎ మాన్‌స్టర్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ (1958) అప్పట్లో జంటగానే విడుదలయ్యాయి. పేర్లు వింటే రెండోది నాసిరకమనిపిస్తుంది, నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. ‘ది బ్లాబ్’లో ఎర్రటి ముద్ద రంగు కలిపిన సిలికోన్. కథానాయకుడు స్టీవ్ మెక్వీన్, అతనికి ప్రధాన పాత్రగా అది మొదటిది. మధ్యలో పది నిమిషాలు విరామం ఇవ్వండి, లేకపోతే రెండోదానికి నిద్ర వస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సైన్సు తప్పులు పట్టడం. చీమ బస్సంత పెరిగితే బరువు ఘనంలో, కాళ్ల బలం వర్గంలో పెరుగుతాయి, అది నిలబడలేదు. నిజమే. ఒకసారి చెప్పుకుని వదిలేయండి.

అన్నీ గొప్పవేనని సమర్థించడం. ఇది అభిమానులకు పట్టే జబ్బు. వీటిలో చాలావాటిలో విసుగు తప్ప ఏమీ లేదు. అరగంటలో ఒక్క ఉపాయం గానీ, ఒక్క మంచి నీడ గానీ, ఒక్క నమ్మదగిన ముఖం గానీ కనిపించకపోతే నిరభ్యంతరంగా ఆపేయండి.

కాలం చేసిన అన్యాయాన్ని చూసీ చూడనట్టు పోవడం. డాక్టరేటు ఉన్న శాస్త్రవేత్త కూడా స్త్రీ అయితే ఆమె అందం గురించి ఎవరో ఒకరు వ్యాఖ్యానించాల్సిందే. తెర వెనుకా అంతే: ‘బ్లాక్ లగూన్’ జీవి రూపాన్ని దిద్దడంలో మిలిసెంట్ పాట్రిక్ పని ఎంతో ఉంది, తెర మీద పేరు మాత్రం ఆమె విభాగాధిపతి బడ్ వెస్ట్‌మోర్‌దే. ఆ జీవి అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఆమె పేరు చెప్పండి.

పిల్లలను ముందే కూర్చోబెట్టడం. పాతవి కదా, భయమేముందనుకుంటారు. ‘ష్రింకింగ్ మ్యాన్’లో సాలీడు ఘట్టం, ‘బాడీ స్నాచర్స్’లో నిద్రపోతే అంతేనన్న ఆలోచన చిన్నపిల్లలకు రాత్రి నిద్ర లేకుండా చేయగలవు. ముందు మీరు చూసి, తర్వాత వాళ్లకు చూపించండి.

ఒంటబట్టిందో లేదో ఇలా చూసుకోండి

మీరు రాసుకున్న కాగితం తీయండి. రాక్షసుడు కనిపించిన నిమిషం, డబ్బు పెట్టిన ఒక దృశ్యం, డబ్బు మిగిల్చిన ఒక దృశ్యం, చెవికి తగిలిన ఒక శబ్దం. నాలుగూ రాయగలిగితే సినిమా చూసినట్టే. ఏదీ రాయలేకపోతే రెండు కారణాల్లో ఒకటి: ప్రింటు బాగోలేదు, లేదా మీరు ఫోను చూస్తున్నారు.

ఇంకో పరీక్ష ‘బాడీ స్నాచర్స్’ మీద. ఆసుపత్రిలో మొదలై ఆసుపత్రిలో ముగిసే భాగాలను, కథ మరీ నిరాశగా ఉందని స్టూడియో పట్టుబట్టి తర్వాత చేర్పించింది. ఒకసారి మొత్తం చూడండి. రెండోసారి మొదటి ఆసుపత్రి ఘట్టాన్ని దాటవేసి, చివర్లో కథానాయకుడు హైవే మీద కార్లకు అడ్డంపడి అరిచే చోట ఆపేయండి. ఏ ముగింపు మీకు నచ్చిందో, ఎందుకో అదే కాగితం వెనక రాసి, తోడు చూసినవాళ్ల జవాబుతో పోల్చుకోండి.